దీర్ఘవ్యాధితో ఉంటూ ఆరుబయట ప్రకృతి చిత్రాలు వేయడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

కీళ్లవాతం, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), ఉబ్బసం, ఎడతెగని అలసట. ఇలాంటి వాటిలో ఏదో ఒకదానితో ఏళ్ల తరబడి ఉంటున్నవారు, ఒకప్పుడు ఇష్టంగా వేసిన ప్రకృతి చిత్రాలను మళ్లీ ఆరుబయట కూర్చుని వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను తరచుగా అడుగుతుంటారు. నేను కూడా కీళ్లవాతంతో ఉంటూనే పెన్న ఒడ్డున, మైపాడు ఇసుకలో కూర్చుని నీటిరంగులు వేస్తుంటాను కాబట్టి, నాకు పనికివచ్చిన క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. బొమ్మ ఎంత బాగా వచ్చిందనేది తరువాతి సంగతి. మర్నాడు మీ ఒళ్లు ఎలా ఉందనేదే మొదటి కొలత. కింద చెప్పే ప్రతి మెట్టునూ ఆ కొలతతోనే చూసుకోండి.

## 1. ముందు ఒంటి లెక్క రాసుకోండి

రంగులు కొనకముందే ఒక వారం పాటు చిన్న నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి. పొద్దున వేళ్ల బిగుతు ఎన్ని గంటలకు సడలుతోంది? రోజు మొత్తంలో ఒళ్లు తేలిగ్గా ఉండే వేళ ఏది? ఏ పని చేసిన తరువాత మంచం దిగడం కష్టమవుతోంది?

మూడో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఒక్క రోజు వెనక్కి చూస్తే సరిపోదు. అలసటే ప్రధాన లక్షణంగా ఉండే కొన్ని జబ్బుల్లో శ్రమ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. 12 నుంచి 48 గంటల తరువాత బయటపడుతుంది. బుధవారం నడుము పట్టేసిందంటే సోమవారం ఏం చేశారో కూడా చూడండి.

వారం గడిచాక, ఇబ్బంది లేకుండా మీరు ఇంటి బయట ఎంతసేపు ఉండగలరో తేల్చుకుని, అందులో సగం మాత్రమే బొమ్మకు కేటాయించండి. రెండు గంటలు ఉండగలిగితే బొమ్మకు గంట. మిగిలిన గంట ప్రయాణానికి, సామాను సర్దుకోవడానికి, తిరిగి ఇల్లు చేరడానికి కావాలి. తిరుగు ప్రయాణానికి కూడా ఓపిక ఖర్చవుతుందన్న సంగతి చాలామంది లెక్కలో వేసుకోరు.

## 2. వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవలసినవి

ఎండలో, గాలిలో కూర్చుంటానని మీ వైద్యునితో ముందే చెప్పండి. ఈ ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్లండి.

- నేను వాడే మందుల వల్ల ఎండ పడకపోవడం ఉంటుందా? డాక్సీసైక్లిన్, హైడ్రోక్లోరోథయజైడ్, మెథోట్రెక్సేట్ వంటి మందులు చర్మాన్ని ఎండకు సున్నితం చేయవచ్చు. లూపస్ ఉన్నవారికి ఎండ వల్లనే జబ్బు తిరగబెట్టవచ్చు.
- నేను ఎంత నీరు తాగవచ్చు? ఆరుబయటకు వెళ్లేవారికి అందరూ నీళ్లు బాగా తాగమనే చెబుతారు. డయాలసిస్‌లో ఉన్నవారికి, కొందరు గుండె రోగులకు ఆ సలహా వర్తించదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సముద్రం ఒడ్డున ఎవరైనా ప్రేమగా బోండాం కొట్టి ఇచ్చినా, వైద్యుణ్ణి అడగకుండా తాగకూడదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేసిన మజ్జిగ విషయంలోనూ ఇలాగే జాగ్రత్తపడాలి.
- కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయా? రక్తపోటు మాత్రలు వాడేవారిలో ఇది మామూలే. బొమ్మలో లీనమై గంటసేపు కదలకుండా కూర్చున్నవారికి మరీ ఎక్కువ.
- చక్కెర పడిపోతే ఏం చేయాలి? ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు జేబులోనే గ్లూకోజ్ పెట్టుకోవాలి. ఇన్సులిన్‌ను స్కూటరు డిక్కీలో ఉంచితే వేడికి పాడవుతుంది.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు కుంచెలు కడగడానికి చెరువు నీళ్లు, కాలువ నీళ్లు ముంచుకోవద్దు. ఇంటి నుంచే సీసాతో నీళ్లు తీసుకువెళ్లండి.

## 3. సంచి: మొత్తం బరువు రెండున్నర కిలోలు మించకూడదు

ఆరుబయటి పనికి మనలాంటివారికి నీటిరంగులే తగినవి. తైలవర్ణాలకు వాడే టర్పెంటైన్ వాసన ఉబ్బసం ఉన్నవారికి పడదు. పొడి పాస్టెళ్ల (సుద్దముక్కల్లాంటి రంగుకడ్డీల) ధూళి కూడా అంతే. నిలబడి వాడే ఈజిల్‌ను (బొమ్మ ఆనించే స్టాండును) ఇంట్లోనే వదిలేయండి.

కాగితం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న మందపాటి) కాగితాన్ని పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దగా, సుమారు 5 × 7 అంగుళాల ముక్కలుగా కోసి, తేలికపాటి అట్టకు నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అంటించి పెట్టుకోండి. ఈ పని ఇంట్లో, ముందురోజే జరగాలి. పెద్ద కాగితం మీద కోరిక ఉంటుందని నాకు తెలుసు, కానీ పెద్ద కాగితమంటే ఎక్కువ సేపు, ఎక్కువ నీళ్లు, ఎక్కువ చేతి కదలిక.

రంగులు. ఐదు చాలు: లెమన్ ఎల్లో (నిమ్మపసుపు), ఎల్లో ఆకర్ (మట్టిపసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ), పర్మనెంట్ రోజ్ (గులాబీ), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం). అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే లేత బూడిద రంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్నీ వస్తాయి కాబట్టి విడిగా నలుపు అక్కరలేదు. ట్యూబులు వద్దు, వేళ్లు బిగుసుకుపోయినవారికి మూత తిప్పడమే ఒక పరీక్ష. ట్యూబులే ఉంటే ఇంట్లో ఎవరిచేతనైనా ప్యాలెట్ (రంగులు కలుపుకునే పళ్లెం) గుంటల్లోకి పిండించి, ఎండనిచ్చి తీసుకువెళ్లండి.

కుంచెలు. 10వ నంబరు గుండ్రటి కుంచె ఒకటి, ముప్పాతిక అంగుళం చదునైనది ఒకటి. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టం మెకానిక్కుల దగ్గర మిగులు ముక్కలుగా దొరుకుతుంది. నాలుగు అంగుళాల ముక్క కోసి, కుంచె పిడికి చుట్టూ టేపు చుట్టి, దాని మీద బిగుతుగా ఎక్కించండి. పిడి లావైతే వేళ్లు ముడవవలసిన పని తగ్గుతుంది. పట్టు సడలితే గీత కూడా స్వేచ్ఛగా వస్తుంది.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసిన జాబితా:

- వీపు ఆనించుకునే మడత కుర్చీ (వీపు లేని స్టూలు వద్దు, దీని బరువు సంచిలో కలపలేదు, ఎవరైనా మోయాలి)
- కాగితం అంటించిన అట్టలు రెండు, క్లిప్పులు
- రంగులు, కుంచెలు, మెత్తని పెన్సిలు, పాత నూలు గుడ్డ
- రంగు నీళ్లకు ఒక సీసా, తాగే నీళ్లకు వేరే సీసా. రెండూ ఒకే రంగులో ఉండకూడదు
- అంచు వెడల్పు టోపీ, పూర్తి చేతుల నూలు చొక్కా, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్
- ఆ పూట మందులు, మందుల చీటీ, ఇంటివారి ఫోను నంబరు రాసిన కాగితం
- పాదమంతా కప్పే బూట్లు (మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు ఇసుకలో చెప్పులు విడవకూడదు)

సన్‌స్క్రీన్ రాసుకున్నాక వేళ్లను గుడ్డతో గట్టిగా తుడుచుకోండి. ఆ జిడ్డు కాగితానికి అంటితే అక్కడ రంగు పట్టదు; ఆకాశం మధ్యలో వేలిముద్ర తెల్లగా తేలుతుంది.

## 4. కాలం, వేళ

మన ప్రాంతానికి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండాల భయం తగ్గిన తరువాత, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా బయటి పనికి ఉత్తమమైన కాలం. నెల్లూరు పొలాల్లో నాట్లు పడి పచ్చదనం కుదురుకునేదీ అప్పుడే. ఏప్రిల్ రెండో వారం దాటాక పడమటి గాలి మొదలైతే కుర్చీని కిటికీ దగ్గరకు మార్చుకోండి. మే నెల ఎండతో పోటీ వద్దు.

వేళ విషయంలో ఒక చిక్కు ఉంది. చిత్రకారులందరూ తెల్లవారుజాము వెలుగు గొప్పదంటారు. అది నిజమే. కీళ్లవాతం ఉన్నవారికి ఆ వేళకు వేళ్లు వంగవు. ఆ వెలుగు కోసం ఒంటిని హింసపెట్టవలసిన అవసరం లేదు, ఎందుకంటే సాయంత్రం 4 నుంచి 5:30 దాకా దొరికే వెలుగులోనూ నీడలు పొడుగ్గానే ఉంటాయి, రంగులూ వెచ్చగానే ఉంటాయి. జనవరిలో సూర్యుడు సుమారు 6 గంటలకు అస్తమిస్తాడు కాబట్టి 5:30కి సర్దుకుంటే వెలుగుండగానే ఆటో ఎక్కవచ్చు. దోమలు ముసిరేలోపు చెరువుకట్ట దిగవచ్చు.

పొద్దున మందు వేసుకున్న రెండు గంటలకే ఒళ్లు తేలికపడేవారు 8 నుంచి 9:30 దాకా పెట్టుకోండి. 10 నుంచి 4 మధ్య మాత్రం నీడలోనైనా వద్దు. ఇసుక మీద, నీటి మీద పడి తిరిగివచ్చే ఎండ కూడా చర్మానికి తగులుతుంది.

## 5. చోటు ఎంచుకోవడం

దృశ్యం కంటే ముందు నాలుగు సంగతులు చూడండి: బండి ఎంత దగ్గరకు వస్తుంది, నీడ ఎటు పడుతుంది, మరుగుదొడ్డి ఎంత దూరం, సూర్యుడు ఏ పక్కన ఉంటాడు. నాలుగోదే అందరూ మరచిపోయేది, కాబట్టి చోటువారీగా చెబుతాను.

మైపాడు, కొత్తపట్నం తీరాలు. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున వెళితే సూర్యుడు నీటి మీద నుంచి నేరుగా కళ్లలోకి కొడతాడు. మధ్యాహ్నం దాటాక సూర్యుడు వెనక్కి పోతాడు, ఒడ్డు వెనక ఉన్న సరుగుడు చెట్ల నీడ ఇసుక మీదికి సాగుతుంది. ఆ నీడ అంచున కూర్చుంటే మీరు నీడలో ఉంటారు, పడవలు వెలుగులో ఉంటాయి. ఆదివారాలు జనం ఎక్కువ. వారం మధ్యలో వెళ్లండి.

నెల్లూరులో రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డు. ఊరు నదికి దక్షిణపు ఒడ్డున ఉంది కాబట్టి మీరు ఉత్తరానికి తిరిగి, కోవూరు వైపు చూస్తూ కూర్చుంటారు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉండడం వల్ల వెలుగు వెనక నుంచి, పక్క నుంచి వస్తుంది. గంటసేపు కూర్చున్నా కళ్లు అలసిపోవు. మొదటిసారి బయటకు వెళ్లేవారికి నేను చెప్పే చోటు ఇదే. సోమశిల నుంచి నీళ్లు వదిలారని తెలిస్తే ఇసుకలోకి మాత్రం దిగవద్దు.

నెల్లూరు చెరువుకట్ట. సాయంత్రం నీటివైపు తిరిగితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఎండ పడనివారు దీన్ని పొద్దున వేళకు ఉంచుకోవాలి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో కుర్చీ వేసే చోటే ఉండదు.

కొండలు. ఉదయగిరి దుర్గమైనా, జొన్నవాడకు దగ్గరలోని నరసింహకొండ అయినా కింద నుంచే వేయండి. కొండ పైకి ఎక్కితే కొండ కనిపించదు కదా! దూరం నుంచి చూసినప్పుడే దాని నీలిబూడిద రంగు, మడతల నీడ తెలుస్తాయి.

ప్రకాశం జిల్లా వారికి మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం మరొక మంచి చోటు; నీరు, దూరపు గట్టు, విశాలమైన ఆకాశం తప్ప వేరే గందరగోళం ఉండదు.

## 6. ఇంటి నుంచి ఒడ్డు దాకా మెట్లు

ఒక్కో మెట్టు మీద కనీసం మూడుసార్లు బొమ్మ వేసి, మూడుసార్లూ తరువాతి రెండు రోజులు ఒళ్లు మామూలుగా ఉంటేనే పై మెట్టుకు వెళ్లండి.

1. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎదురింటి కొబ్బరిచెట్టు. 15 నిమిషాలు.
2. అరుగు మీద లేదా మిద్దె మీద, గాలిలో. 20 నిమిషాలు. గాలికి కాగితం ఎలా ఎగురుతుందో, రంగు ఎంత త్వరగా ఆరుతుందో ఇక్కడే తెలుస్తుంది.
3. వీధి చివర చెట్టు కింద. నలుగురూ వచ్చి చూసేది ఇక్కడే; దానికీ అలవాటు పడాలి.
4. ఆపిన ఆటోలో వెనక సీటులోనే కూర్చుని, పొలం గట్టు లేదా కాలువ. నీడ, వీపుకు ఆనుడు, వెంటనే వెనుదిరిగే వీలు మూడూ ఉంటాయి. నడవలేనివారు ఈ మెట్టు మీదే ఉండిపోయినా ఏ లోటూ లేదు.
5. కుర్చీ వేసుకుని నది ఒడ్డున.
6. సముద్రం ఒడ్డున.

ఆటో అతనితో గంటన్నర వేచి ఉండేలా ముందే మాట్లాడుకోండి. ఒంట్లో బాగాలేకపోతే పది నిమిషాలకే తిరిగి వెళతామని కూడా చెప్పండి. ఆ మాట ముందే అనుకుంటే, డబ్బు వృథా అవుతుందన్న మొహమాటంతో కూర్చుండిపోయే ప్రమాదం తప్పుతుంది.

## 7. కూర్చున్న తరువాత: పెన్న ఒడ్డున 55 నిమిషాల పని

జనవరి సాయంత్రం 4:15. ఎదురుగా ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నని నీటి పాయలు, ఆవలి ఒడ్డున చెట్ల గీత. ఫోనులో గంట మోగేలా పెట్టుకుని మొదలుపెట్టండి.

మొదటి 5 నిమిషాలు: ఏమీ వేయవద్దు. ఊపిరి కుదుటపడనివ్వండి. అట్టముక్కలో కోసుకున్న చిన్న చతురస్రపు కంత గుండా చూసి, ఏం వదిలేయాలో నిర్ణయించుకోండి. వంతెనను ఈ రోజుకు వదిలేయండి.

తరువాతి 5: నాలుగు గీతలు. ఆవలి ఒడ్డు గీత పై నుంచి మూడో వంతు దగ్గర. దాని కింద నీటి పాయ అంచులు రెండు, ముందున్న తిన్నె అంచు ఒకటి. గీతను వేళ్లతో లాగవద్దు. మణికట్టు కదలకుండా భుజం నుంచి లాగండి. వేళ్ల కీళ్లకు నొప్పి తగ్గుతుంది, గీత వణకదు.

10 నిమిషాలు: ఆకాశం, నీరు. అట్టను కొంచెం వాలుగా పెట్టి, చదును కుంచెతో పై నుంచి పలచని అల్ట్రామెరైన్ మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ నీళ్లు పెంచి, ఒడ్డు గీత దగ్గర ఎల్లో ఆకర్, రోజ్ చుక్క చేర్చండి. అదే రంగును కాస్త చిక్కగా నీటి పాయల్లో వేయండి. ఆరాక నీటిరంగు లేతబడుతుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు ఒక పాలు ముదురుగా కనిపించాలి.

10 నిమిషాలు: విశ్రాంతి. ఇది బొమ్మలో భాగమే. కాగితం ఆరడానికీ మీరు తేరుకోవడానికీ కావలసిన సమయం ఒకటే. కుంచె కింద పెట్టి, వేళ్లు చాపి, నెమ్మదిగా లేచి నాలుగడుగులు వేయండి.

10 నిమిషాలు: ఆవలి ఒడ్డు. అల్ట్రామెరైన్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా, కొద్దిగా పసుపు. ఒకే పట్టీగా, పై అంచు ఎగుడుదిగుడుగా. తాటిచెట్లు రెండుమూడు తలలెత్తితే చాలు. ఆకులు వేయకండి, అంత దూరం నుంచి ఆకులు కనపడవు.

10 నిమిషాలు: ఇసుక. పొడి ఇసుక లేత ఎల్లో ఆకర్‌తో వస్తుంది. నీటి అంచున ఉన్న ఇసుకను జాగ్రత్తగా చూడండి. అక్కడ మూడు పట్టీలు ఉంటాయి: లేత పొడి ఇసుక, దాని పక్కన ముదురు గోధుమ రంగు తడి ఇసుక, ఆ తడికీ నీటికీ మధ్య ఆకాశం ప్రతిఫలించి నీలంగా మెరిసే సన్నని తళుకు. ఈ మూడో పట్టీని కాగితం మీద సన్నగా వదిలిపెడితే ఇసుక తడిసినట్లు చూసేవారికి తెలుస్తుంది. బొమ్మ మొత్తంలో శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదొక్కటే.

చివరి 5: ముదురు మచ్చలు. ముందు తిన్నె మీద రెండు పొదలు, వాటి నీడ. కొంగ కావాలంటే తెల్ల కాగితాన్నే వదలండి. గంట మోగగానే ఆపండి.

## 8. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణలు

ఇంటికి తెచ్చాక బొమ్మ మురికిగా కనిపిస్తుంది. కాగితం మీద నేరుగా ఎండ పడితే తెలుపు మిరుమిట్లు గొలిపి, తెలియకుండానే రంగులు ముదురుగా వేస్తాం. కాగితం నీడలో ఉండేలా కుర్చీ తిప్పండి. గొడుగు వాడితే నలుపుది వాడండి. ఎర్ర గొడుగు కింద కాగితమూ ఎర్రబడి రంగు అంచనా తప్పుతుంది.

వరిపొలం ప్లాస్టిక్ పచ్చగా వస్తుంది. డబ్బాలోని సిద్ధపు పచ్చ వాడడమే కారణం. లెమన్ ఎల్లోలో కొద్దిగా అల్ట్రామెరైన్ కలిపి నారుమడికి, అందులోనే బర్న్ట్ సియెన్నా చుక్క వేసి దూరపు పొలాలకు వాడండి.

రంగు పరచకముందే ఆరిపోతుంది. మార్చి గాలుల్లో ఇలా జరుగుతుంది. రంగు నీళ్లలో రెండు చుక్కల గ్లిసరిన్ వేయండి. మంచు తేమ ఉన్న జనవరి ఉదయాల్లో గ్లిసరిన్ వేస్తే మాత్రం ఎంతసేపటికీ ఆరదు.

“ఇంకొక్క ఐదు నిమిషాలు.” అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. బొమ్మ బాగా వస్తున్నప్పుడు నొప్పి తెలియదు, ఆకలి తెలియదు. పూర్తికాని బొమ్మను ఫోనుతో ఫొటో తీసి ఇంట్లో పూర్తి చేసుకోవచ్చు. ఒంటికి అలాంటి వీలు లేదు.

కుంచె మొనను నోటితో సరిచేయడం. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్టు వంటి లోహాలు ఉంటాయి. తడి గుడ్డ మీద దొర్లించి మొన తెచ్చుకోండి.

తోడు లేకుండా వెళ్లడం. పక్కనే కూర్చోనక్కరలేదు, పిలిస్తే పలికే దూరంలో ఒకరుంటే చాలు. వారికి మీ మందుల సంచి ఎక్కడుందో తెలియాలి.

## 9. ఇంటికి వచ్చాక, జబ్బు తిరగబెట్టిన తరువాత

వచ్చిన వెంటనే ప్యాలెట్ కడగడం, కుర్చీ సర్దడం పెట్టుకోకండి. కుంచెలను మాత్రం నీళ్లలో ఝాడించి పడుకోబెట్టి, మీరూ పడుకోండి. మిగతావి రేపు. బొమ్మ వెనక తేదీ, చోటు, కూర్చున్న నిమిషాలు రాయండి; మర్నాడు, మూడో రోజు ఒళ్లు ఎలా ఉందో ఒక్కొక్క ముక్క చేర్చండి. నెల తిరిగేసరికి ఆ బొమ్మల వెనకవైపే మీకు సరిపోయే వ్యవధి ఎంతో తేలుతుంది.

జబ్బు తిరగబెట్టి వారాల తరబడి కుంచె పట్టకపోతే, తేరుకున్నాక ఆగిన చోటు నుంచి మొదలుపెట్టకండి. రెండు మెట్లు కిందికి దిగండి: నది ఒడ్డు దాకా వెళ్లినవారు వీధి చివర చెట్టు దగ్గర నుంచి, ఆటో దాకా వచ్చినవారు మిద్దె మీద నుంచి. వ్యవధిని కూడా సగానికి తగ్గించండి. మంచం మీదే ఉండవలసిన రోజుల్లో పాత బొమ్మల్లో ఒకటి పక్కన పెట్టుకుని, అందులోని ఒక్క రంగును, అంటే ఆ తడి ఇసుక గోధుమనో, ఆవలి ఒడ్డు బూడిదనో, చిన్న కాగితం ముక్క మీద మళ్లీ కలిపి చూడండి. కలిపిన పాళ్లు పక్కనే రాసి ఆ ముక్కను సంచిలో వేసుకుంటే, తరువాత ఒడ్డుకు వెళ్లినప్పుడు రంగు వెతుక్కునే పది నిమిషాలు మిగులుతాయి.